ఇంట్లో వాయించే గిటార్‌కు ఖర్చు ఎక్కడ పెట్టాలి?

బిగించిన ఉక్కు తీగను మీటినప్పుడు అది సెకనుకు వందల సార్లు కంపిస్తుంది. అయితే మిల్లీమీటరు అటూ ఇటూ మందమున్న ఆ తీగ కదిలినప్పుడల్లా గాలి దాని పక్కల నుంచి జారిపోతుంది గనుక, తీగ ఒక్కటే పుట్టించే శబ్దం ఎదురుగా కూర్చున్న మనిషికి సైతం సరిగా వినపడదు. అకూస్టిక్ గిటార్‌లో, అంటే విద్యుత్తుతో పని లేకుండా చెక్క డొల్ల సాయంతోనే మోగే గిటార్‌లో, ఆ కొద్దిపాటి కంపనాన్ని వెడల్పాటి పలకకు అందించి, ఆ పలక చేత గదిలోని గాలిని కదిలించడమే తక్కిన నిర్మాణమంతా చేసే పని.

చవక గిటార్‌తో నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదో రెండేళ్లో గడిచినవారు ఇంకాస్త మంచిది కొనాలనుకున్నప్పుడు, అంగడిలో వారికి వినిపించేవి చెక్కల పేర్లు, కంపెనీల పేర్లు, మెడ మీద పొదిగిన ముత్యపు చిప్పల వర్ణనలు. వీటిలో కొన్ని శబ్దానికి నిజంగా సంబంధించినవి, కొన్ని కంటికి మాత్రమే సంబంధించినవి. తీగ నుంచి చెవి దాకా కంపనం నడిచే దారి తెలిస్తే ఈ రెండింటినీ విడదీయడం కష్టం కాదు; ఆ దారిలో ఉన్న భాగం మీద పెట్టిన డబ్బు వినపడుతుంది, దారికి పక్కన ఉన్న భాగం మీద పెట్టిన డబ్బు కనపడుతుంది.

పైపలక చేసే పని

గిటార్ ముందు భాగంలో గుండ్రటి రంధ్రం ఉన్న పలుచని చెక్కను పైపలక అంటారు. తీగలు దాని మీద అతికించిన బ్రిడ్జ్ అనే దిమ్మకు బిగిసి ఉంటాయి. ఆ బ్రిడ్జ్ గాడిలో నిలబెట్టిన ఎముక లేదా ప్లాస్టిక్ పుల్లను శాడిల్ అంటారు. తీగ కంపనం శాడిల్ మీదుగా బ్రిడ్జ్‌కు, అక్కడి నుంచి పలకకు చేరుతుంది. పలక ఎంత తేలికగా ఉంటే తీగ దాన్ని అంత సులువుగా కదిలించగలదు. కాని ఆరు తీగల లాగుడు కలిపితే 70 కిలోల బరువుకు మించుతుంది గనుక, ఆ లాగుడుకు వంగిపోకుండా నిలిచేటంత దృఢత్వం కూడా పలకకు ఉండాలి. తేలికదనం, దృఢత్వం అనే ఈ రెండు పరస్పర విరుద్ధమైన అవసరాల మధ్య కుదిర్చే రాజీలోనే గిటార్ తయారీ నైపుణ్యమంతా ఉంది.

ఈ రాజీకి ఎక్కువగా వాడే చెక్క స్ప్రూస్. పైన్ కుటుంబానికి చెందిన ఈ చలిదేశపు చెట్టు చెక్క బరువుకు తేలిక, పీచు వెంబడి మాత్రం ఎంతో దృఢం. పీచుకు అడ్డంగా ఉన్న దృఢత్వంతో పోలిస్తే పీచు వెంబడి ఉన్నది పది రెట్లకు పైగా ఉంటుంది. అడ్డంగా ఉన్న ఆ బలహీనతను పూడ్చడానికీ, బ్రిడ్జ్ దగ్గర తీగలు పలకను పైకి లేపకుండా ఆపడానికీ లోపలివైపు సన్నని కర్రలు అతికిస్తారు. ఈ అమరికకు బ్రేసింగ్ అని పేరు. జర్మనీలోని సాక్సనీ ప్రాంతం నుంచి 1833లో అమెరికాకు వలస వెళ్లిన సి.ఎఫ్. మార్టిన్ కార్ఖానాలో 1840ల దశకంలో రూపు దిద్దుకున్న, రెండు ప్రధానమైన కర్రలు గుణకారపు గుర్తులా ఒకదాన్నొకటి దాటే అమరిక, తరువాతి కాలంలో ఉక్కు తీగల బిగువుకు సరిగ్గా సరిపోయి, నేటికీ చాలా గిటార్లకు వెన్నెముకగా ఉంది.

పలక మందంలో స్వల్పమైన తేడా కూడా ఎందుకు అంత ముఖ్యమో ఒక చిన్న లెక్క చెబుతుంది. పలక దృఢత్వం దాని మందపు ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది గనుక, 2.5 మిల్లీమీటర్ల పలకకు బదులు 3 మిల్లీమీటర్లది వేస్తే మందం 20 శాతమే పెరిగినా దృఢత్వం 70 శాతానికి మించి పెరుగుతుంది. ఏ వాతావరణంలోనైనా, ఎవరి చేతిలోనైనా పాడవకూడదన్న లక్ష్యంతో చవక గిటార్ల పలకలను మందంగా చేసి, వాటి మీద వార్నిష్ పూత కూడా దట్టంగా వేయడం మామూలు. అలాంటి గిటార్ విరగదు, కాని నోరు విప్పి మాట్లాడదు.

సాలిడ్ టాప్, లామినేట్ టాప్

ఒకే చెక్క నుంచి కోసిన పైపలకను సాలిడ్ టాప్ అనీ, పలుచని పొరలను ఒకదాని పీచుకు ఒకటి అడ్డంగా పెట్టి జిగురుతో అతికించిన, ప్లైవుడ్ వంటి పైపలకను లామినేట్ టాప్ అనీ అంటారు. పొరలను అడ్డంగా పేర్చడం వల్ల స్ప్రూస్‌కు సహజంగా ఉన్న ఒకదిశ దృఢత్వం అనే లాభం చాలావరకు పోతుంది. పొరల మధ్య జిగురు కంపనంలోని శక్తిని కొంత వేడిగా మార్చేస్తుంది. అందుచేత అతిస్వరాలు, అంటే మూల స్వరంతో పాటు మోగుతూ ఆ స్వరానికి వన్నె తెచ్చే పై పౌనఃపున్యాలు, త్వరగా అణగిపోతాయి. లామినేట్ గిటార్ మొద్దుగా మోగుతుందని వాయించేవారు చెప్పే మాటకు భౌతికమైన ఆధారం ఇదే.

అయితే లామినేట్ అన్నది మోసానికి మారుపేరు కాదు. పొరల అడ్డపేర్పు చెక్క ఉబ్బడాన్నీ ముడుచుకోవడాన్నీ అరికడుతుంది కాబట్టి, తేమ మార్పులను అది బాగా తట్టుకుంటుంది. గిటార్‌ను పెట్టెలో పెట్టే అలవాటు లేనివారికీ, హాస్టల్ గదుల్లో ఉండేవారికీ, తరచూ ప్రయాణాల్లో తీసుకెళ్లేవారికీ అది తగిన ఎంపికే. పైపలక మాత్రం సాలిడ్, వెనుక పలకా పక్కలూ లామినేట్ అయిన మధ్యరకం గిటార్లు నేటి విపణిలో ఇంటి వాయిద్యకారులకు అందుబాటు ధరలో దొరికే మంచి మెట్టు. పూర్తి లామినేట్ గిటార్‌కు పెట్టిన ధరకు ఇంచుమించు రెట్టింపు పెడితే ఈ మెట్టు చేరవచ్చు; పలకలన్నీ సాలిడ్ అయిన గిటార్లకు ధర అంతకంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది, వినపడే తేడా మాత్రం ఆ నిష్పత్తిలో పెరగదు.

పలక సాలిడ్‌దా కాదా అన్నది గుండ్రటి రంధ్రం అంచు చూసి పోల్చుకోవచ్చు. పైన కనిపించే పీచు గీతలు అంచు మందంలో కూడా అలాగే కిందికి దిగితే అది ఒకే చెక్క. గీతలు పై పొరతోనే ఆగి, కింద వేరే పొరలు అడ్డంగా కనిపిస్తే లామినేట్.

వెనుక చెక్క విలువ ఎంత?

అమ్మకపు మాటల్లో ఎక్కువగా నలిగేది వెనుక పలక, పక్కల చెక్క పేరు. స్పెయిన్‌కు చెందిన గిటార్ శిల్పి ఆంటోనియో దె టోరెస్ 1862లోనే ఈ విషయాన్ని పరీక్షకు పెట్టి, స్ప్రూస్ పైపలకకు వెనుక, పక్కల కాగితపు గుజ్జుతో చేసిన అట్టను అమర్చి ఒక గిటార్ తయారుచేశాడు. గిటార్ గుణానికి ప్రధానమైన ఆధారం పైపలకేనని చూపడం అతని ఉద్దేశం. ఆ గిటార్ ఇప్పుడు బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో ఉంది.

అదే ప్రశ్నను ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆధునిక పద్ధతిలో పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. వెనుక, పక్కల చెక్క తప్ప తక్కినవన్నీ ఒకేలా ఉన్న ఆరు గిటార్లను ఒకే శిల్పి చేత చేయించి, వాటిని 52 మంది గిటారిస్టుల చేత మసక వెలుతురులో, వెల్డింగ్ పనివారు పెట్టుకునే కళ్లద్దాలు తొడిగి వాయింపజేశారు. అరుదైన, ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్‌కూ, సులువుగా దొరికే చవక చెక్కలకూ వారిచ్చిన మార్కులలో చెప్పుకోదగిన తేడా లేదు; ఏ గిటార్ ఏదో పోల్చుకోవడం కూడా వారికి కష్టమైంది. పైపలకలు, బ్రేసింగ్, పనితనం సమానమైనప్పుడు వెనుక చెక్క పేరు ఒక్కటే వినికిడిని పెద్దగా మార్చదని ఈ ప్రయోగం తేల్చింది.

దీనికి పర్యావరణ పార్శ్వం కూడా ఉంది. తెలుగువారు జిట్రేగి అని పిలిచే భారతీయ రోజ్‌వుడ్‌తో సహా ఆ ప్రజాతికి చెందిన చెట్లన్నిటి వ్యాపారాన్నీ అంతర్జాతీయ ఒప్పందం 2017 జనవరి నుంచి నియంత్రణలోకి తెచ్చింది. తయారైన సంగీత వాయిద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు వచ్చేలోగా చాలా కంపెనీలు వేరే చెక్కల వైపు మళ్లాయి. చవక గిటార్ మీద కొత్త చెక్క పేరు కనిపించినప్పుడు దాన్ని నాణ్యతలో కోత అని అనుమానించనక్కరలేదు.

యమహా కంపెనీ ఎఫ్.జి. వరుసలో 800, 830 అనే రెండు నమూనాలు ఈ విషయానికి మంచి ఉదాహరణ. రెండింటికీ పైపలక సాలిడ్ స్ప్రూసే. 830కి రోజ్‌వుడ్ వెనుక భాగం, ఎక్కువ అలంకారం ఉంటాయి. ఇల్లు దాటి వెళ్లని గిటార్‌కు ఆ అదనపు ఖర్చు చేయదలచినవారు అది ఎక్కువగా అందానికి పోతున్నదని తెలిసి చేస్తే చాలు.

గదికి తగిన డొల్ల

గుండ్రటి రంధ్రం అలంకారం కోసం ఉన్నది కాదు. సీసా మూతి మీద ఊదినప్పుడు సీసాలోని గాలి ఒక నిర్ణీత స్వరంలో మోగినట్లే, డొల్లలోని గాలి కూడా రంధ్రం గుండా లోపలికీ బయటికీ ఊగుతూ ఒక పౌనఃపున్యం దగ్గర బలంగా స్పందిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పేరుతో దీన్ని హెల్మ్‌హోల్ట్జ్ అనునాదం అంటారు. సాధారణ గిటార్‌లో ఇది సెకనుకు 100 కంపనాల ప్రాంతంలోనూ, పైపలక సొంత అనునాదం 200 ప్రాంతంలోనూ ఉంటాయి. అన్నిటికంటే లావుపాటి తీగ మూల స్వరం 82 కంపనాలే కాబట్టి అది ఈ రెండింటికీ దిగువన పడుతుంది. అయినా దాని అతిస్వరాలు బలంగా వినిపించడం వల్ల మెదడు మూల స్వరాన్ని తానే పూరించుకుంటుంది.

డొల్ల పెద్దదైతే గాలి అనునాదం కిందికి దిగి మంద్రస్వరాలు నిండుగా మోగుతాయి. మార్టిన్ కంపెనీ 1916లో మరో సంస్థ కోసం తొలిసారి తయారుచేసి, బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టిన డ్రెడ్‌నాట్ ఆకృతి అలాంటిదే. ఆ పెద్ద డొల్ల మైకులు ఇంకా వ్యాప్తిలోకి రాని కాలపు అవసరాలకు సరిపోయింది. ఇంటి గదికి ఆ అవసరం లేదు. శబ్దశక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్లు మాత్రమే, చెవికి శబ్దం రెట్టింపుగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్లు కావాలి. కాబట్టి పెద్ద డొల్ల ఇచ్చే కొద్ది డెసిబెళ్ల లాభం నాలుగు గోడల మధ్య పెద్దగా లెక్కలోకి రాదు. పైగా సోఫా మీదో మంచం మీదో కూర్చుని వాయించేవారి కుడి భుజాన్ని డ్రెడ్‌నాట్ పైకి ఎత్తిపెడుతుంది. నడుము సన్నగా, డొల్ల లోతు తక్కువగా ఉన్న కాన్సర్ట్ ఆకృతి గిటార్ ఒడిలో ఒదిగి గంటసేపు వాయించినా అలసట కలిగించదు.

డొల్లతో పాటు చూడవలసినది స్కేలు పొడవు, అంటే మెడ చివర తీగలు ఆనే నట్ నుంచి శాడిల్ దాకా మోగే తీగ పొడవు. ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లో ప్రకటించిన సూత్రాల ప్రకారం ఒకే తీగను ఒకే స్వరానికి బిగించినప్పుడు దాని బిగువు పొడవు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. యమహా వారి పెద్ద డొల్ల ఎఫ్.జి. 800 స్కేలు 650 మిల్లీమీటర్లు, చిన్న డొల్ల ఎఫ్.ఎస్. 800 స్కేలు 634. పొడవులో తేడా రెండున్నర శాతమే అయినా బిగువులో తేడా సుమారు అయిదు శాతం. చిన్న చేతులవారికీ, వేలి కొసలు ఇంకా గట్టిపడనివారికీ ఆ అయిదు శాతం మంచి ఊరట.

తీగలు, సెటప్: అన్నిటికంటే చవకైన మార్పు

వేళ్లకు తగిలే శ్రమ మీద స్కేలు పొడవు కంటే తీగ మందం ప్రభావమే ఎక్కువ. అంగడిలో 12 సెట్, 10 సెట్ అనేవి మొదటి తీగ మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే అంకెలు. బిగువు మందపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 12కు బదులు 10 వేస్తే మొదటి తీగ బిగువు 30 శాతం తగ్గుతుంది. దానికి మూల్యంగా పలకకు అందే శక్తి తగ్గి శబ్దం కాస్త పలుచనవుతుంది. 11 సెట్ ఈ రెండింటికీ మధ్యేమార్గం. లావు తీగల మీద చుట్టిన కంచులోహపు తీగ సందుల్లో చెమట, మురికి చేరిన కొద్దీ అతిస్వరాలు అణగిపోతాయి గనుక, నెలల తరబడి మార్చని తీగలతో ఏ గిటార్ గుణాన్నీ నిర్ణయించకూడదు.

సెటప్ అంటే తీగల ఎత్తునూ మెడ వంపునూ సరిదిద్దే పని. మెడ మీద అడ్డంగా నాటిన లోహపు కమ్మీలను గిటార్‌లో ఫ్రెట్లు అంటారు, వీణలో ఇవే మెట్లు. వాటికీ తీగకూ మధ్య ఎత్తును యాక్షన్ అంటారు. పన్నెండో ఫ్రెట్ మీద లావు తీగకు రెండున్నర, సన్న తీగకు రెండు మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటే చేతికి హాయి. ఎత్తు ఎక్కువైతే నొక్కడం కష్టం కావడమే కాక, నొక్కినప్పుడు తీగ సాగి బిగువు పెరగడం వల్ల స్వరం హెచ్చుగా పలుకుతుంది. మైనంలో కూర్చిన వీణ మెట్లను కదిపి స్వరస్థానం సరిచేయవచ్చు; చెక్కలో దిగగొట్టిన గిటార్ ఫ్రెట్లతో ఆ వీలు లేదు కాబట్టి, శాడిల్‌ను కాస్త వాలుగా అమర్చి ఈ దోషాన్ని సరిదిద్దుతారు. అలా అమర్చినదాన్ని కూడా అతిగా ఉన్న ఎత్తు వమ్ము చేస్తుంది.

శాడిల్ అడుగును అరగదీస్తే యాక్షన్ తగ్గుతుంది. పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా నడిమధ్యన ఉంటుంది కాబట్టి, శాడిల్ ఒక మిల్లీమీటరు తగ్గితే అక్కడ తీగ అర మిల్లీమీటరు దిగుతుంది. మెడ లోపల ఉన్న ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీని తిప్పి, తీగల లాగుడుకు మెడ వంగిన మేరను సవరిస్తారు. నట్ గాళ్లు తగినంత లోతుగా లేకపోతే మొదటి ఫ్రెట్ దగ్గర తీగలు ఎత్తుగా నిలిచి, నేర్చుకునేవారిని నెలల తరబడి వేధించే ఎఫ్ కార్డ్ మరీ దుర్భరమవుతుంది. చాలామంది తమ వేళ్లలో ఉందనుకునే లోపం ఆ గాళ్లలో ఉంటుంది. ఈ పనులన్నీ తెలిసిన మరమ్మతుదారు చేత చేయించడానికి కొత్త గిటార్ ధరలో చిన్న భాగమే అవుతుంది.

తేమ అనే కనపడని చెయ్యి

సాలిడ్ టాప్ కొనేవారు దానితో పాటు ఒక బాధ్యతను కూడా కొంటున్నారు. చెక్క గాలిలోని తేమను పీల్చుకుని పీచుకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండిపోతే ముడుచుకుంటుంది. సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ ఉష్ణోగ్రతలో గాలి పట్టగలిగిన గరిష్ఠ తేమలో నిజంగా ఉన్న తేమ శాతం, 45 నుంచి 55 వరకు ఉంటే గిటార్‌కు క్షేమం. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతపు ఉక్కలో పలక ఉబ్బి పైకి లేచి యాక్షన్ పెరుగుతుంది. రాయలసీమ, తెలంగాణ మండు వేసవిలోనూ, రోజంతా ఏసీ నడిచే గదిలోనూ పలక కుంగి తీగలు ఫ్రెట్లకు తగిలి జరజరమంటాయి, మరీ ఎండితే పలక పగులుతుంది. అమెరికాలోని చలి రాష్ట్రాల్లో ఉండే తెలుగువారి ఇళ్లలో శీతకాలపు హీటర్లు చేసే చెరుపూ ఇలాంటిదే. చిన్న ఆర్ద్రతామాపకం ఒకటి కొని, గిటార్‌ను మూతపడే పెట్టెలో ఉంచి, వానాకాలం సిలికా జెల్ పొట్లాలు, వేసవిలో చిల్లుల డబ్బాలో తడిపి పిండిన స్పాంజి ముక్క పెడితే చాలు.

అంగడిలో పరీక్ష

కొనేముందు మెడ మీద ఫ్రెట్ల వెంబడి తిన్నని స్కేలు బద్ద ఆనిస్తే దాని కొస బ్రిడ్జ్ చెక్క పై అంచును తాకాలి. అంతకంటే బాగా కిందికి పోతే మెడ కోణం చెడినట్లు, ముఖ్యంగా పాత గిటార్లలో అది ఖరీదైన మరమ్మతు. ప్రతి తీగను ప్రతి ఫ్రెట్ దగ్గరా మీటి గరగరలు వినాలి. రంధ్రం ఎదుటివారి వైపు తిరిగి ఉంటుంది గనుక వాయించేవారికి వినిపించేదీ ఎదుటివారికి వినిపించేదీ ఒకటి కాదు. ఇంకొకరి చేత వాయింపజేసి, కళ్లు మూసుకుని, ధర చెప్పించుకోకుండా వినడం లాంకాస్టర్ ప్రయోగానికి ఇంటి నమూనా. వేదిక ఎక్కని గిటార్‌కు పికప్, అంటే కంపనాన్ని విద్యుత్తుగా మార్చి స్పీకరుకు పంపే పరికరం, అవసరం లేదు. అదే ధరలో పికప్ లేని గిటార్ కొంటే ఆ సొమ్ము పలకకు, పనితనానికి దక్కే అవకాశం ఎక్కువ.

కాబట్టి ఖర్చుకు ఒక క్రమం ఏర్పడుతుంది: ముందు కొత్త తీగలు, తరువాత సెటప్, ఆ తరువాతే ఒడికి సరిపడే డొల్లతో సాలిడ్ టాప్ గిటార్. ఈ క్రమంలో మొదటి రెండు మెట్లు పాత గిటార్ మీదనే ఎక్కవచ్చు. అవి ఎక్కాక చేతి నొప్పి, అపస్వరం తగ్గిపోయి కోరిక తీరితే, అప్పటిదాకా లోపమనుకున్నది గిటార్‌లో కాక దాని అమరికలో ఉన్నట్లు తేలుతుంది. అవి తగ్గినా మీటిన స్వరం త్వరగా అణగిపోతూనే ఉంటే, మందమైన పలక మోగనంటున్నదని అర్థం. అలాంటి చెవితో అంగడికి వెళ్లినవారికి ఏ గిటార్‌లో ఏది వినాలో ముందే తెలిసి ఉంటుంది.